ముఖానికి తువ్వాల చుట్టుకొచ్చిన ఆమె

“మొగోళ్లు బయట కూసోవాలె. లోపల ఆడోళ్లను చూస్తున్నరు.”

పరదా అవతల మా ఆయా గట్టిగా అంటోంది. అంతకుముందే అక్కడ బొంగురుగా, బరువుగా ఒక గొంతు వినబడింది నాకు కూడా. ఒక ముసలామె మెల్లగా అంది.

“మొగోడు కాదమ్మా. నా కోడలు.”

అది 2011 ఎండాకాలం. కామారెడ్డిలో మా ఇల్లు. ఎల్లారెడ్డిలో బస్టాండు దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకుని ఆడవాళ్లకు వైద్యం చేసేదాన్ని. పొద్దున్నే లింగంపేట మీదుగా బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. నిజాంసాగర్, పిట్లం, పెద్దకొడప్‌గల్ వైపు నుంచి ఎక్కువ మంది వచ్చేవాళ్లు. అప్పుడప్పుడు జుక్కల్, మద్నూర్ నుంచి మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాళ్లూ వచ్చేవాళ్లు.

పరదా తీసి చూశాను. బెంచీ మీద ముసలామె మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన పొడుగ్గా, భుజాలు వెడల్పుగా ఉన్న ఒక మనిషి. ఎర్ర చీర, చేతుల నిండా గాజులు. ముఖానికి మాత్రం కళ్లు తప్ప ఏమీ కనబడకుండా తెల్ల తువ్వాల చుట్టుకుంది. ఎండకు అలా చుట్టుకుని రావడం మా దగ్గర మామూలే. లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చోగానే విప్పేస్తారు. ఆమె విప్పలేదు.

ముసలామె మోకాళ్లు చూశాను. మందులు రాస్తూ, “నీ కోడలికేమైంది అవ్వా?” అని అడిగాను.

“దానికేం కాలే డాక్టరమ్మా. నా తోడుగ వచ్చింది. నా మోకాళ్ల సంగతి చెప్పు.”

“ఎందుకత్తా దాచిపెట్టుడు?” అంది కోడలు. పరదా అవతల నేను విన్న బొంగురు గొంతు ఆమెదే. “నాకు గడ్డం వచ్చింది మేడం.”

చెప్పి తలవంచుకుంది. ఆమె వయసు ఇరవై ఆరో, ఇరవై ఏడో ఉంటుంది.

నా దగ్గరికి ఈ బాధతో వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. పత్రికల్లో దీన్ని అవాంఛిత రోమాలు అని రాస్తారు. వచ్చినవాళ్లెవరూ ఆ మాట అనరు. తల్లులు కూతుళ్లను తీసుకొస్తారు. కూతురు గోడ వైపు చూస్తుంటే తల్లి తన పై పెదవి మీద వేలు పెట్టి చూపిస్తుంది, అంతే. కామారెడ్డి పార్లర్లలో దారంతో తీయించుకుని, శనగపిండి, పసుపు రుద్దుకుని, ఇక లాభం లేదనుకున్నాక మా దగ్గరికి వస్తారు. వాళ్లలో చాలామందికి అది వంశంలో వచ్చేదే. మా అవ్వకూ గడ్డం కింద గట్టి వెంట్రుకలు ఉండేవి. నా కండ్లు మంచిగున్నాయని చిన్నప్పుడు నా చేత చిమ్టాతో పీకించుకునేది. మిగతా వాళ్లకు నెలసరి సరిగా రాకపోవడం, ఒళ్లు పెరగడం, అండాశయాల్లో నీటి బుడగలు. మందులతో, ఓపికతో కుదురుకునేవే.

మాకు చదువు చెప్పిన ప్రొఫెసరమ్మ ఒక సంగతి పదే పదే చెప్పేవారు. ఏళ్ల తరబడి మెల్లగా వచ్చిన వెంట్రుకలకు భయపడొద్దు, నెలల్లో వచ్చాయంటే మాత్రం ఆ మనిషిని పరీక్ష చేయకుండా ఇంటికి పంపొద్దు అని. అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.

“ఎప్పటి సంది?”

“దసర అయినంక చెరుకు కొట్టనీకి పోయినం మేడం, మహారాష్ట్రకు. పొయ్యేటప్పుడు ఏం లేకుండె. చలికాలంల మీసాలు మొలిచినయి. శివరాత్రి వరకు గడ్డమంత నిండింది.”

“నెలసరి?”

“బంద్ అయింది. మొదలు కడుపొచ్చిందేమో అనుకున్న. సంబురపడ్డ గూడ.”

నేను కలం కింద పెట్టాను. “లోపలికి రా అమ్మా. ఒకసారి చూస్త,” అన్నాను.

ఈ పరీక్షకు నాకొక పద్ధతి ఉంది. చూస్తున్న భాగం మీదే బట్ట తొలగిస్తాను, చూడగానే కప్పేసి ఇంకోచోటికి పోతాను. వెంట్రుకలు పక్క నుంచి పడే వెలుతురులో బాగా కనబడతాయి కాబట్టి బల్లను కిటికీ పక్కన వేయించుకున్నాను. లేత నూగుకూ, నల్లగా గట్టిగా మొలిచే వెంట్రుకకూ తేడా ఆ వెలుతురులో తెలుస్తుంది. గీసుకున్నవాళ్ల చర్మం మీద వేలిని కింది నుంచి పైకి నడిపిస్తే గరుకు తగులుతుంది. అన్ని భాగాలూ చూడాలి. పై పెదవి, గడ్డం, ఛాతీ, వీపు, బొడ్డు కింద, తొడలు. తల మీద జుట్టు పలచబడిందా చూడాలి. గొంతు వినాలి. అన్నిటికన్నా కష్టం, ఇదంతా చేస్తూ ఎదుటి మనిషి సిగ్గుతో చచ్చిపోకుండా మాట్లాడుతూ ఉండటం.

ఆమె తువ్వాల విప్పింది. ఆ పొద్దున గీసినట్టుంది, బుగ్గలూ గడ్డమూ పచ్చబారి ఉన్నాయి. రెండుచోట్ల బ్లేడు గాట్లు. నుదుటి పైన జుట్టు రెండు పక్కలా వెనక్కి పోయింది. ముఖం గుండ్రంగా ఉబ్బి, ఎర్రగా ఉంది. ఛాతీ మీద, పొట్ట మీద నల్లగా ఒత్తుగా వెంట్రుకలు. పొట్టకు రెండు పక్కలా వంకాయ రంగులో వెడల్పాటి చారలు. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. రక్తపోటు చూస్తే ఆ వయసుకు ఉండకూడనంత ఉంది. కింది భాగం చూసేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. అక్కడ జరిగిన మార్పు కూడా మగ హార్మోను చేసిందేనని నాకు అర్థమైంది.

“ఇంటి దగ్గర ఎవరెవరు ఉంటరు?” అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

“మా ఆయన, అత్త, నా బిడ్డ. మూడేండ్లు దానికి.”

“మరి చెరుకు కొట్టనీకి పోయినప్పుడు పాపను తీస్కపోయిన్రా?”

“లేదు మేడం. అత్త దగ్గరే ఇడిచిపెట్టిపోయినం.”

నా చేయి ఆమె ఎడమ పక్కటెముకల కింద ఉంది. ఊపిరి గట్టిగా తీయమన్నాను. తీసింది. లోపల నుంచి గట్టిగా, ఎగుడుదిగుడుగా ఏదో జారి వచ్చి నా వేళ్లకు తగిలింది. మళ్లీ తీయమన్నాను. మళ్లీ తగిలింది.

“చెయ్యి ఆగింది మేడం,” అందామె. కళ్లు తెరిచి నా ముఖంలోకే చూస్తోంది. “ఏముంది గాడ?”

“గడ్డ లెక్క ఉంది. ఫోటో తీపిస్తే తెలుస్తది.”

“గడ్డకు, గడ్డానికి సంబంధమేంది?”

మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయని, వాటిలో ఒకదాని మీద గడ్డ పుడితే అది మగవాళ్ల ఒంట్లో ఉండే రసాన్ని ఎక్కువగా తయారుచేస్తుందని, గడ్డం, గొంతు, నెలసరి ఆగిపోవడం అన్నీ దాని పనేనని చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విన్నది. చివరికి అడిగిన ప్రశ్న నేను అనుకున్నది కాదు.

“అంటే నేను మొగోన్నయితలేను గదా?”

“కాదమ్మా. నువ్వు ఆడిదానివే. నీకు రోగమొచ్చింది, అంతే.”

బల్ల మీదే రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నేను ఆమె మీద దుప్పటి కప్పి నిలబడ్డాను. ఆ ఏడుపు కూడా మగగొంతులోనే వచ్చింది. అది ఆమెకూ వినబడినట్టుంది, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. చెరుకు తోటల పక్కన గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. కూలీలందరూ కలిసి తానాలు చేసేచోట ఆడవాళ్లు ఆమెను దూరం పెట్టడం మొదలుపెట్టారు. కూలీలను తీసుకుపోయిన ముకద్దం నవ్వుతూ, నీకు ఆడోళ్ల కూలి కాదు, మొగోళ్ల కైకిలి ఇస్తా అన్నాడట. ఆమె భర్త ఆ మాటకు కొడవలి పట్టుకుని లేస్తే నలుగురూ ఆపారు.

“తెల్లారకముందు, మబ్బుల, అందరికన్న ముందుగాల లేపేటోడు మేడం నన్ను. గుడిసెల అద్దం లేదు. చిన్న దీపం పెట్టి ఆయననే గీసేటోడు. గడ్డం పట్టుకోని, ఇటు తిరుగు అటు తిరుగు అనుకుంట. నాకు ఏడుపొచ్చేది. నువ్వేడిస్తే తెగుతది, కదలకు అనేటోడు.”

అంతా అయి ఊరికి తిరిగొచ్చిన రోజు సంగతి అత్త చెప్పింది. అప్పటికి ఆమె కూడా లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

“బండి దిగి వాకిట్లకొచ్చింది. దా బిడ్డా అని పిలిచింది. పోరి ఆడుకునేది ఆడుకున్నట్టే లేచి ఉరికొచ్చి నా కాళ్లను పట్టుకుంది. అవ్వా, గా మామ ఎవరు అని అడిగింది. ఏం చెప్పాలె నేను? మీ అమ్మే అంటే నమ్ముతలేదు. కాదు, మా అమ్మ గిట్ల మాట్లాడదు అంటది.”

“ఇప్పటికీ నా దగ్గర పండుకోదు మేడం,” అంది కోడలు. “నేను మాట్లాడకుంట కూసుంటే కొంచెం దగ్గరకు వస్తది.”

మరుసటి రోజు భార్యాభర్తలిద్దరూ కామారెడ్డి వచ్చారు. భర్త సన్నగా, నల్లగా, ఆమె కన్నా కొంచెం పొట్టిగా ఉన్నాడు. స్కానింగ్ చేయించాను. ఎడమ గ్రంథి మీద పెద్ద గడ్డ. దాని అంచులు చూస్తే మంచిది కాదని తెలిసిపోతోంది. అతన్ని పక్కకు పిలిచి చెప్పబోతే, ఒప్పుకోలేదు.

“ఆమెకు తెల్వకుంట నాకేం చెప్పకున్రి మేడం. ఒంట్ల ఉన్నది ఆమెకు గదా.”

ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. క్యాన్సరు కావచ్చని, ఆపరేషన్ చేసి తీసేయాలని, హైదరాబాద్ పోవాలని. ఆమె అడిగింది రెండే. గడ్డం పోతుందా, గొంతు తిరిగి వస్తుందా అని. వెంట్రుకలు తగ్గుతాయని చెప్పాను. గొంతు సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఒకసారి బరువెక్కిన గొంతు మళ్లీ పలచబడదని.

“పాటలు పాడేది మేడం ఇది,” అన్నాడు భర్త. నాట్లేసేటప్పుడు మడిలో ముందు ఈమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకునేవాళ్లట. “అందుకోసమే పెండ్లి చేసుకున్న.” ఆమె అతని చేతి మీద చిన్నగా కొట్టింది. ఆ గదిలో ఆ రోజు ఎవరైనా నవ్వింది ఆ ఒక్కసారే.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. నాకు తెలిసిన డాక్టరు ద్వారా కబురు వస్తూ ఉండేది. గడ్డ మొత్తం తీయగలిగారని, కానీ పక్కన రక్తనాళం దాకా పాకిందని చెప్పారు. ఆమె తిరిగొచ్చే రోజులకు తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. కుట్లు విప్పిన ఒంటితో లారీలో ముందు సీట్లో కూర్చుని కామారెడ్డి దాకా వచ్చి, మా ఇంటి ముందే దిగింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకోమన్నాను. వంటగదిలో పీట మీద కూర్చుని, అన్నం కలుపుకుంటూ ఆసుపత్రి ముచ్చట చెప్పింది.

“పొద్దుగాలనే పెద్ద డాక్టరు వచ్చేటోడు. ఆయన ఎన్కల పిలగాండ్లు, ఆడపొల్లలు, చదువుకునేటోళ్లు. ఒకరి తర్వాత ఒకరు చూసేటోళ్లు మేడం. ఒకరేమో గడ్డం, ఒకరేమో కడుపు. నా పేరెవ్వరు పిలువకపోయేది. ఒక్క పొల్ల ఉండె. అందరు పోయినంక ఎన్కకు మర్లొచ్చి దుప్పటి సక్కగ కప్పి పోయేది. ఏం మాట్లాడకపోయేది. కప్పి పోయేది, అంతే.”

ఆ తర్వాత ఒక ఏడాది మంచిగా గడిచింది. ఒంట్లో వాపు దిగింది. వెంట్రుకలు మెత్తబడి, పలచబడ్డాయి. నెలసరి వచ్చింది. ఆ వార్త చెప్పడానికే పెద్దకొడప్‌గల్ అవతలి నుంచి బస్సెక్కి ఎల్లారెడ్డి వచ్చింది. తువ్వాల లేదు. ముఖం మీద పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని, గుమ్మంలో నిలబడి మా ఆయాతో, “ఇప్పుడు లోపలికి రావచ్చునా?” అని అడిగింది. ఆయాకు కన్నీళ్లు ఆగలేదు.

చెరుకు కొట్టడానికి ఇక పోలేదు. ఊళ్లోనే కైకిలికి పోయేది. కూతురు మెల్లమెల్లగా దగ్గరైంది. అత్త మోకాళ్ల మందులకు వచ్చినప్పుడల్లా ఇంటి ముచ్చట్లు చెప్పేది. ఆ ఏడు బతుకమ్మకు కోడలు గునుగు పూలకు తానే రంగులద్ది, పెద్ద బతుకమ్మను పేర్చిందట. ఆడవాళ్లందరూ చుట్టూ తిరుగుతుంటే తనూ తిరిగిందట.

“పాడిందా అవ్వా?” అని అడిగాను.

“ఊహూ. సప్పట్లు కొట్టింది. పెదవులు కదిలిస్తుండె, గొంతు తియ్యలే. మా పోరి మాత్రం అందరికన్న జోరుగ పాడింది. దాని నోటికెల్లి పాట వస్తుంటే వాళ్లమ్మ చూసుడు చూడాలె నువ్వు.”

2013లో, ఎండలు ముదరకముందు, ఒక ఆదివారం పొద్దున కామారెడ్డిలో మా ఇంటి మెట్ల మీద భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. తలుపు తీయగానే ఆమె లేచి నిలబడింది. ముఖం మామూలుగానే కనబడింది నాకు. ఆమె నా చేయి పట్టుకుని, నా వేలిని తన గడ్డం కింద పెట్టుకుంది.

“చూడున్రి మేడం. తగులుతున్నయా?”

తగిలాయి. చిన్న చిన్న గరుకు మొలకలు.

“కండ్లకు కనిపిస్తలేవని ఈయన అంటున్నడు. నాకు మొన్ననే చేతికి తెలిసింది.”

లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టాను. పరీక్ష ఎలా చేస్తానో ఆమెకు ఇప్పుడు తెలుసు. నేను అడగకముందే తల కిటికీ వైపు తిప్పింది, తర్వాత చేయి పైకెత్తింది, తర్వాత పొట్ట మీద చీర తనే జరిపింది. ఊపిరి తీయమని నేను అనలేదు. ఆమె తీసింది. ఈసారి కుడివైపు పక్కటెముకల కింద కాలేయం అంచు గట్టిగా, గడ్డలు గడ్డలుగా నా వేళ్ల కిందికి వచ్చింది. నేను చేయి తీసేశాను.

“ఈసారి చానసేపు చూడలే మేడం,” అంది.

చెప్పకుండా ఉండలేని మాటలు కొన్ని ఉంటాయి. వాటిని ఎంత మెత్తగా చెప్పాలని చూసినా అవి అంతే గట్టిగా తగులుతాయి. రోగం కాలేయానికి పాకిందని చెప్పాను. మళ్లీ హైదరాబాద్ పోయి చూపించుకోవాలని అన్నాను.

“పోతే తగ్గుతదా?”

“తగ్గకపోవచ్చు అమ్మా. మందులిస్తరు. నొప్పి రాకుండ చూస్తరు.”

ఆమె లేచి కూర్చుని చీర సర్దుకుంది. “ఇప్పుడిప్పుడే నా పక్కల పండుకుంటుంది మేడం పోరి. నా మీద కాలేసుకోని పంటది. కొన్ని దినాలైతే ఇవి మళ్ల పెద్దగయితయి. మళ్ల నన్ను చూసి ఉరుకుతది.” అంతవరకు తలుపు దగ్గర నిలబడి వింటున్న భర్త, గోడ వైపు తిరిగి గుద్దుకుంటూ ఏడ్చాడు. నేను టీ పెట్టి తెచ్చాను. ముగ్గురం తాగాం.

అతను పట్టుబట్టి ఒకసారి హైదరాబాద్ తీసుకుపోయాడు. అక్కడా నేను చెప్పిందే చెప్పి, మందులిచ్చి పంపారు. వానలు పడ్డాక, పిట్లంలో వేరే పని ఉండి పోయినప్పుడు వాళ్ల ఊరికి వెళ్లాను. రోడ్డు నుంచి లోపలికి సోయా చేల మధ్య నడిచి పోవాలి. బురదలో నా చెప్పులు ఊడి వస్తుంటే ఎవరో రైతు చూసి, ఎవరింటికి అని అడిగాడు. ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే, “ఓ, గడ్డం కోడలింటికా,” అని అతనే దారి చూపించాడు. అతని మాటలో ఎగతాళి ఏమీ లేదు. ఊరంతా అలానే అంటున్నట్టుంది.

వసారాలో నులక మంచం మీద ఆమె పడుకుని ఉంది. ఒళ్లు చిక్కి, కడుపు ఒక్కటే ఉబ్బి ఉంది. ముఖం నిండా వేలెడు గడ్డం. భర్తను గీయొద్దని చెప్పిందట, బ్లేడు తగిలితే చర్మం లేచి వస్తోందని. మంచం పక్కన పీట వేసుకుని కూతురు కూర్చుంది. చేతిలో చిన్న ఎర్ర దువ్వెన. తల్లి గడ్డాన్ని పై నుంచి కిందికి మెల్లగా దువ్వుతోంది. దువ్వుతూ ఏదో పాట సన్నగా పాడుకుంటోంది. నన్ను చూసి ఆపింది.

“దువ్వు బిడ్డా,” అంది తల్లి. అదే గొంతు, ఇంకా సన్నగిల్లి, గాలి ఎక్కువ, మాట తక్కువగా. తర్వాత నాతో అంది. “ఉరుకలే మేడం. నేను అనుకున్నట్టు ఉరుకలే.”

నేను ఆ మంచం అంచున కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. పరీక్ష ఏమీ చేయలేదు. చేయడానికేమీ లేదు. అత్త నాకు పాలు కాచి తెచ్చింది. ఆమె మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే, “వాటికేం రోగం, మంచిగనే ఉన్నయి,” అని విసుక్కుని లోపలికి పోయింది. లోపల ఆమె ఏడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ నెల దాటకముందే కోడలు పోయింది. భర్త ఫోన్ చేసి, “మేడం, అయిపోయింది,” అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నేను అప్పుడు ఎల్లారెడ్డిలో ఉన్నాను. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరినీ పిలిచి చూశాను. ఎవరికి ఏం రాశానో సాయంత్రం బస్సెక్కేసరికి ఒక్కటీ గుర్తులేదు. లింగంపేట దాటి అడవిలోకి వచ్చాక కిటికీ వైపు తిరిగి కూర్చుని కామారెడ్డి దాకా ఏడ్చాను. పక్కన కూర్చున్న ఆవిడ, ఎవరో తెలియదు, నా ఒడిలో ఒక నారింజపండు పెట్టి తన స్టేజీలో దిగిపోయింది.

కొన్ని నెలల తర్వాత అతను కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. హైదరాబాద్‌లో ఎవరో అతనికి చెప్పారట, ఈ రోగం ఎప్పుడో ఒకసారి వంశంలో కూడా ఉంటుంది, పాపను కూడా చూపిస్తుండు అని.

“చూడున్రి మేడం. తల నుంచి కాలు దాక చూడున్రి. నేను రాత్రి దీపం పెట్టి దాని మూతి చూస్తున్న రోజూ. నాకు పిచ్చి లేస్తుంది.”

పాపను చూశాను. ఏమీ లేదు. అయినా అతనికి ధైర్యం చాలలేదు. మళ్లీ రమ్మన్నాను. 2014లో, తెలంగాణ వచ్చిన తర్వాత వానాకాలంలో, మళ్లీ ఎల్లారెడ్డి వచ్చారు. పాపకు ఆరేళ్లు. బడికి పోతోంది. రెండు జడలు, ముందరి పన్ను ఊడింది. తండ్రిని బయట కూర్చోమని తనే చెప్పింది, ఆడవాళ్ల దగ్గరికి రావద్దని.

బల్ల ఎక్కించి కిటికీ వెలుతురులో ముఖం చూశాను. పై పెదవి మీద అందరు పిల్లలకుండే లేత నూగు తప్ప ఏమీ లేదు. చేతులు, వీపు చూశాను. పొట్ట మీద చేయి పెట్టి ఎడమ పక్కటెముకల కింద వేళ్లు ఆనించగానే పాప కిలకిలా నవ్వుతూ ముడుచుకుపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ నవ్వు. ఊపిరి తీయమంటే నవ్వు ఆపుకోలేక బుగ్గలు ఉబ్బించింది.

నవ్వు తగ్గాక కొంచెంసేపు కప్పు వైపు చూస్తూ పడుకుంది.

“మా అమ్మను గూడ గిట్లనే చూసినవా?”

“చూసిన బిడ్డా.”

“గీ బల్ల మీదనేనా?”

“ఈ బల్ల మీదనే.”

“మా అమ్మకు చక్కిలిగింతలు అయినయా?”

నేను పాప గౌను కిందికి లాగి సర్దాను. జడలు ముందుకు వేశాను.

“అయినయి,” అన్నాను. “మస్తు నవ్వింది.”

పాప సంతోషంగా బల్ల మీద నుంచి దూకి తండ్రికి ఆ సంగతి చెప్పడానికి బయటికి పరుగెత్తింది.